ఎన్నికల మీద వాదనకు దిగేముందు: తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఒక పద్ధతి

ఎదుటివాళ్లు అన్న మాటను ముందు ఒక్క వాక్యంగా కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో వచ్చిన పోస్టయినా, లీలామహల్ సర్కిల్లో టీ తాగుతూ విన్న మాటయినా మొదటి పని ఇదే. "మీవోళ్లు రాష్ట్రాన్ని అమ్మేసినారు నా" లాంటి మాట రాయబోతే వాక్యం కుదరదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు అనేది అందులో ఉండదు. దానికి జవాబివ్వకండి. "ఏ విషయంలో అంటా ఉండావు మామా, ఒక్కటి చెప్పు" అని అడగండి. చెబితే వాదన మొదలవుతుంది. చెప్పకపోతే ఆయనకు కోపం వచ్చిందని అర్థం. కోపం తగ్గాక మాట్లాడుకోవచ్చు.

అదే "తిరుపతిలో బీజేపీ ఎంపీ ఎప్పుడూ గెలవలేదు" అంటే అది నికరమైన వాక్యం. తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ మాట తప్పు. 1999లో టీడీపీ పొత్తుతో పోటీ చేసిన బీజేపీ అభ్యర్థి నందిపాకు వెంకటస్వామి ఇక్కడినుంచే లోక్‌సభకు వెళ్లారు.

వాక్యం రాశాక అది ఏ జాతి మాటో చూడండి. జరిగిపోయిన విషయమా, నాయకుడు ఇచ్చిన మాటా, రేపటి గురించి అంచనానా, మనిషి ఇష్టమా? జరిగిన దానికి, ఇచ్చిన మాటకు కాగితం దొరుకుతుంది. అంచనాకు దొరకదు. 2024 జూన్ 1 సాయంత్రం వచ్చిన ఎగ్జిట్ పోల్స్‌లో చాలావాటిలో ఎన్డీయేకు 350కి పైగా సీట్లు చూపించారు. మూడు రోజుల తర్వాత వచ్చినవి 293. కాబట్టి అంచనాను సాక్ష్యంగా ఎవరూ తేకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. ఇక ఇష్టం మీద వాదనే వద్దు. మీ చిన్నాయనకు ఎన్టీఆర్ కాలం నుంచి సైకిల్ గుర్తంటే ప్రాణం అయితే అది ఆయన బతుకులో భాగం. మీరు లెక్కలు చూపించి మార్చగలిగింది కాదు, మార్చాల్సిన అవసరమూ లేదు.

మూలం దాకా వెళ్లండి

మన ఊరి వాదనల్లో తరచూ వచ్చే ప్రత్యేక హోదానే తీసుకుందాం. "హోదా విభజన చట్టంలోనే ఉంది, అయినా ఇవ్వలేదు" అని ఒకరంటారు. "అసలు ఎవరూ మాటే ఇవ్వలేదు" అని ఇంకొకరంటారు. ఇద్దరూ చాలా నమ్మకంగానే అంటారు. ఇద్దరి మాటా నిలబడదు.

2014 పునర్వ్యవస్థీకరణ చట్టం తెరిచి 46, 94 సెక్షన్లు చదవండి. పన్ను రాయితీల గురించి, రాయలసీమ, ఉత్తరాంధ్ర వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి గురించి ఉంది. ప్రత్యేక హోదా అనే మాట చట్టంలో లేదు. అది వచ్చింది 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో. అయిదేళ్లు ఇస్తామన్నారు. చట్టం కాకపోయినా ప్రధాని సభలో ఇచ్చిన మాట చిన్నదేమీ కాదు. ఆ ఏడాది ఏప్రిల్ 30న తిరుపతిలో మోదీ, చంద్రబాబు, పవన్ కల్యాణ్ ఒకే వేదిక మీద మాట్లాడిన సభ ఈ ఊళ్లో చాలామందికి గుర్తుంది. 2016 సెప్టెంబరులో కేంద్రం హోదా బదులు ప్యాకేజీ ప్రకటించింది, రాష్ట్ర ప్రభుత్వం సరేనంది. 2018లో టీడీపీ ఎన్డీయే నుంచి బయటికొచ్చి, సరిగ్గా అదే ఏప్రిల్ 30న, తిరుపతిలోనే ధర్మ పోరాట సభ పెట్టింది. 2019లో 22 మంది ఎంపీలను గెలుచుకున్న వైసీపీ అయిదేళ్లలోనూ హోదా రాలేదు. 2024లో టీడీపీ మళ్లీ ఎన్డీయేలో చేరింది.

ఈ తేదీలన్నీ వరసగా పెట్టి చూస్తే ఏ పార్టీకీ పూర్తిగా చేతులు దులుపుకునే వీలుండదు. అందుకే ఎవరి పోస్టులోనూ ఈ వరస మొత్తం కనిపించదు. ఎవరికి కావలసిన ఏడాది దగ్గర వాళ్లు కత్తిరించుకుంటారు. మీరు చేయాల్సింది ఆ కత్తిరింపుకు ముందు ఏముంది, తర్వాత ఏముంది అని చూడటం. ఒక విషయం మీద వాదించే ముందు తేదీల వరస రాసుకునే అలవాటు చేసుకుంటే సగం గొడవలు వాటంతటవే సద్దుమణుగుతాయి. అది నేను గట్టిగా నమ్మే మాట.

"ఎవరు కట్టినారు?" అన్న ప్రశ్నను మూడుగా విడదీయండి

శ్రీనివాస సేతు ఎవరిది? అలిపిరి వైపు బస్సు ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేవనెత్తే ప్రశ్న ఇది. గరుడ వారధి పేరుతో టీడీపీ హయాంలో మొదలైంది. వైసీపీ హయాంలో పేరు మారి, 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరుచుకుంది. ఖర్చు టీటీడీ, తిరుపతి స్మార్ట్ సిటీ సంస్థ పంచుకున్నాయి. స్మార్ట్ సిటీ మిషన్ కేంద్ర పథకం. టీటీడీ డబ్బు భక్తులది. మరి ఎవరు కట్టినట్టు?

అనుకున్నదెవరు, డబ్బెవరిది, పూర్తి చేసిందెవరు అని మూడు వేర్వేరు ప్రశ్నలు వేయండి. మూడింటికీ మూడు జవాబులొస్తాయి, ఒక్కో పార్టీకి ఒక్కో ముక్క దక్కుతుంది. ఈ పద్ధతి ఏ రోడ్డుకైనా, ఆసుపత్రికైనా పనికొస్తుంది. జాతీయ రహదారి కేంద్రానిది, ఊరిలోపలి కాలువ కార్పొరేషన్‌ది. ఎంపీకి సొంతంగా ఖర్చు సూచించే నిధి ఏడాదికి 5 కోట్లు మాత్రమే. ఏడు నియోజకవర్గాలకు పంచితే ఎంత వస్తుందో మీరే లెక్కేయండి. వీధి కాలువ బాగా లేదని ఎంపీని తిట్టడం, జీఎస్టీ పెరిగిందని కౌన్సిలర్‌ను తిట్టడం రెండూ మన కోపాన్ని వృథా చేయడమే.

పార్లమెంటులో ఎంపీ ఏం చేశారన్నది లోక్‌సభ వెబ్‌సైటులో దొరుకుతుంది. అడిగిన ప్రశ్నలు, మాట్లాడిన చర్చలు పేరువారీగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త. మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, సభలో ప్రశ్నలు వేయరు. "ఫలానా మంత్రి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు" అనే పోస్టు వస్తే ముందుకు పంపకండి.

అభ్యర్థి ఆస్తులకు, కేసులకు నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ చూడాలి. ఎన్నికల సంఘం సైటులో ఎవరైనా చూడొచ్చు. కేసు ఉండటం వేరు, శిక్ష పడటం వేరు. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితేనే సాధారణంగా అనర్హత వస్తుంది. అఫిడవిట్‌లో కేసుల పట్టికకు, శిక్షల పట్టికకు వేర్వేరు గడులుంటాయి. ఏ గడిలోనిదో చెప్పకుండా "ఇన్ని కేసులున్నోడు" అనొద్దు.

ఓట్లు, సీట్లు కలిపేయకండి

శాసనసభ ఫలితాలు చూడండి. 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లు వస్తే 23 సీట్లు వచ్చాయి. 2024లో వైసీపీకి 39.37 శాతం ఓట్లు వస్తే 11 సీట్లు వచ్చాయి. ఓట్ల శాతం దాదాపు సమానం, సీట్లు సగం కంటే తక్కువ. కారణం ఎదుటివైపు ఉంది. 2019లో టీడీపీ, జనసేన, బీజేపీ విడివిడిగా పోటీ చేశాయి, 2024లో ఆ మూడూ కలిశాయి. ఆ మూడింటి ఓట్లు కలిపితే 55 శాతం దాకా ఉన్నాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లదే సీటు అనే మన పద్ధతిలో పొత్తుకు ఇంత బలం ఉంటుంది.

ఇది తెలిస్తే రెండు తప్పుడు మాటలు ఆగిపోతాయి. "11 సీట్లంటే జనం పూర్తిగా వదిలేసినారు" అన్నది ఒకటి. వందలో 39 మంది వేశారు, వాళ్లలో మీ పక్కింటివాళ్లూ ఉంటారు. "ఇంత శాతం ఓట్లకు ఇన్ని తక్కువ సీట్లా, ఏదో జరిగింది" అన్నది రెండోది. జరిగింది పొత్తు. ఇంకో చిక్కు చెప్పాలి. 2024లో టీడీపీ 144 చోట్లే పోటీ చేసి 45.60 శాతం తెచ్చుకుంది. 175 చోట్లా పోటీ చేసిన పార్టీ శాతంతో దాన్ని నేరుగా పోల్చడం కుదరదు.

ఢిల్లీ లెక్క కూడా ఇలాగే చేయండి. "మన 16 మంది ఎంపీలు లేస్తే కేంద్రం పడిపోతుంది" అనే మాట 2024 తర్వాత చాలా తిరిగింది. లోక్‌సభలో 543 సీట్లు, మెజారిటీకి 272 కావాలి. ఎన్నికలు ముగిసేనాటికి ఎన్డీయేకు 293, అందులో బీజేపీవి 240. 293లో టీడీపీ 16 తీసేస్తే 277. ప్రభుత్వం నిలబడుతుంది. జేడీయూ 12 కూడా పోతే 265, అప్పుడు నిలబడదు. టీడీపీకి పట్టు ఉందన్నది నిజం, ఒక్కటే పడగొట్టగలదన్నది నిజం కాదు. "పదహారు మందిని పెట్టుకుని ఏం సాధించినారు?" అని అడిగే హక్కు మనకు పూర్తిగా ఉంది, అడగాలి కూడా. ఆ ప్రశ్న సరైన లెక్క మీద నిలబడితే జవాబు చెప్పకుండా తప్పించుకోవడం వాళ్లకు కష్టం.

డిపాజిట్ పోయిందనే మాటకు కొలత చెల్లిన ఓట్లలో ఆరో వంతు. అంతకు మించి రాకపోతేనే ఆ మాట వాడండి.

పాత ఫలితాలు తెచ్చేటప్పుడు హద్దులు చూసుకోండి. 2009 ఎన్నికల నుంచి మన జిల్లా నియోజకవర్గాల పటం మారింది. పుత్తూరు, వాయల్పాడు, వేపంజేరి సీట్లు పోయాయి. చిత్తూరు లోక్‌సభ సీటు ఎస్సీ రిజర్వుడు అయింది. 2004 అంకెను 2024 అంకె పక్కన పెడితే పేరు ఒకటే అయినా ఊళ్లు వేరుగా ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు కూడా విడిపోయాయి. జిల్లా పటం, లోక్‌సభ పటం ఒకటి కావు. సర్వేపల్లి ఓటరు తిరుపతి ఎంపీని ఎన్నుకుంటాడు. తిరుపతి ఊరికి ఆనుకుని ఉన్న చంద్రగిరి ఓటరు చిత్తూరు ఎంపీని ఎన్నుకుంటాడు.

తిరుపతి ఎంపీ ఫలితాన్ని మీ బూత్ దగ్గరే తేల్చుకోండి

2024లో తిరుపతి లోక్‌సభ కింద ఉన్న ఏడు అసెంబ్లీ సీట్లూ కూటమి గెలిచింది. సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, శ్రీకాళహస్తి, సత్యవేడు టీడీపీకి, తిరుపతి జనసేనకు వచ్చాయి. ఒక్క తిరుపతిలోనే ఆరణి శ్రీనివాసులు మెజారిటీ 61,956. అయినా ఎంపీగా గెలిచింది వైసీపీ అభ్యర్థి గురుమూర్తి. ఆయనకు 6,32,228 ఓట్లు, బీజేపీ అభ్యర్థి వరప్రసాద్‌కు 6,17,659. తేడా 14,569.

దీని మీద రెండువైపులా కథలు అల్లారు. ఒకవైపు "మిషన్లలో ఏదో ఉంది, లేకుంటే ఎట్లా కుదురుతుంది?" అన్నారు. ఇంకోవైపు "మనోళ్లే వెన్నుపోటు పొడిచినారు" అన్నారు. రెండూ అనే ముందు చూడాల్సిన కాగితం ఫారం 20. బూత్‌వారీగా ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే ఆఖరి ఫలితాల పట్టిక అది. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైటులో పెడతారు.

ఇలా చేయండి. మీ ఓటరు స్లిప్పు మీద పోలింగ్ కేంద్రం నంబరు ఉంటుంది, అది తీసుకోండి. మీ అసెంబ్లీ నియోజకవర్గం ఎమ్మెల్యే ఎన్నిక ఫారం 20 తెరిచి ఆ నంబరు వరుసలో పార్టీల ఓట్లు రాసుకోండి. తర్వాత లోక్‌సభ ఎన్నిక ఫారం 20లో అదే అసెంబ్లీ భాగం తెరిచి అదే నంబరు వరుస రాసుకోండి. ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే జనం రెండు మిషన్ల మీద నొక్కిన ఓట్లు ఇప్పుడు మీ ముందు పక్కపక్కనే ఉంటాయి. చెల్లిన ఓట్ల మొత్తం రెండింటిలో దగ్గరగా ఉందా చూడండి. దగ్గరగా ఉండి పార్టీల వాటా మారితే జనం ఎంపీకి ఒకలా, ఎమ్మెల్యేకి ఒకలా వేశారన్నమాట. మొత్తాలే బాగా తేడాగా ఉంటే అప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరే. పోస్టల్ ఓట్లు బూత్ వరుసల్లో కలవవు, పట్టిక చివర విడిగా ఉంటాయి. ఒక్క బూత్‌తో ఆగకుండా ఊరి మధ్య ఒకటి, ఊరి బయట ఒకటి, పల్లెలో ఒకటి తీసుకుంటే ఇంకా మంచిది.

జనం అలా ఎందుకు వేసి ఉంటారు? ఇక్కడినుంచి మనం చేసేది ఊహే, ఊహ అని చెప్పే మాట్లాడాలి. ఆరు చోట్ల సైకిల్, ఒక చోట గాజు గ్లాసు చూసిన కూటమి ఓటరుకు ఎంపీ మిషన్ మీద కమలం గుర్తు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ అభ్యర్థి వరప్రసాద్ 2014లో వైసీపీ తరపున ఇక్కడి ఎంపీ, 2019లో వైసీపీ తరపునే గూడూరు ఎమ్మెల్యే, ఎన్నికల ముందే బీజేపీలో చేరారు. ఇవి రెండూ కొంత కారణం కావచ్చని నా అంచనా. మీ అంచనా వేరేగా ఉండొచ్చు. దాని మీద వాదించుకుందాం, అంకెల మీద కాదు.

ఫారం 20 చేతికొచ్చాక ఒక్కటి మాత్రం చేయకండి. "ఫలానా కాలనీ బూత్‌లో ఫలానా పార్టీకి ఇన్ని" అని పేరు పెట్టి అందరికీ పంపకండి. చిన్న ఊళ్లో బూత్ అంటే రెండు మూడు వీధులు. ఎవరు ఎటు వేశారో అందులో తెలిసిపోతుంది. ఆ కాలనీకి కుళాయి రాకపోవడానికో, వాళ్లను పనికి పిలవకపోవడానికో అది కారణం అవుతుంది. 2019లో చంద్రగిరి నియోజకవర్గంలో కొన్ని పోలింగ్ కేంద్రాల్లో దళితులను ఓటు వేయనివ్వలేదనే ఫిర్యాదుల తర్వాత మే 19న రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది. మన వాదన గెలవడం కోసం అలాంటి చోట ఎవరినీ ఎత్తి చూపకూడదు.

ఈవీఎం మాట వస్తే "ఏ బూత్?" అని అడగండి

ఓడినవాళ్లు మిషన్‌ను అనుమానించడం, గెలిచినవాళ్లు నమ్మడం పార్టీని బట్టి కాక ఫలితాన్ని బట్టి మారుతోంది. 2019లో కుప్పం ఎమ్మెల్యే అయిన అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు, మరో 20 మంది ప్రతిపక్ష నేతలు వీవీప్యాట్ స్లిప్పులు (ఓటు ఎవరికి పడిందో చూపే కాగితం ముక్కలు) సగం లెక్కించాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 8న కోర్టు ప్రతి అసెంబ్లీ భాగంలో ఒక బూత్ బదులు 5 బూత్‌ల స్లిప్పులు లెక్కించమంది. 2024 జూన్‌లో ఓడిపోయాక జగన్ పేపర్ బ్యాలెట్ కావాలన్నారు. ఈ రెండూ తెలిసినవాళ్లు ఎవరినీ ఎగతాళి చేయరు. అనుమానం తప్పు కాదు, దాన్ని ఎక్కడ పరీక్షించాలో తెలియకపోవడమే చిక్కు.

పరీక్షించే చోట్లు ఇవి. పోలింగ్ మొదలయ్యే ముందు అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగ్, జరుగుతుంది. ఓటు నొక్కాక స్లిప్పు ఏడు సెకన్లు కనిపిస్తుంది. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ ఆఫీసర్ ఫారం 17సీ నింపి, ఆ మిషన్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి ఏజెంట్లకు నకలు ఇస్తాడు. కౌంటింగ్ రోజు మిషన్ చూపే మొత్తం ఆ 17సీతో సరిపోవాలి. మాక్ పోల్ ఓట్లు తుడిచేయడం మర్చిపోతే కూడా తేడా వస్తుంది. అది మోసం కాదు, పొరపాటు. దాన్ని ఏం చేయాలో నిబంధనలున్నాయి. 2024 ఏప్రిల్ 26 తీర్పు తర్వాత రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోగా, ఒక్కో అసెంబ్లీ భాగంలో 5 శాతం మిషన్ల తనిఖీ కోరవచ్చు.

కాబట్టి ఎవరైనా "మిషన్లు మార్చేసినారు" అంటే మెత్తగా అడగండి: "ఏ బూత్ నా? మీ ఏజెంటు దగ్గర 17సీ ఉండాదా? ఫారం 20తో పోల్చి చూస్తామా?" నిజంగా తేడా ఉంటే అది బయటికి రావాలి, మీరూ సాయం చేయండి. మీ పార్టీ గెలిచినా సరే.

పోలింగ్ శాతం సాయంత్రం ఒకటి, మరుసటి రోజు ఒకటి ఉందన్న అనుమానం కూడా దీనికి దగ్గరిదే. సాయంత్రం వచ్చేది ఫోన్ల మీద అందిన ఉజ్జాయింపు. 2024 మే 13న మన రాష్ట్రంలో చాలాచోట్ల ఆరు గంటలకు క్యూలో నిలబడినవాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా ఓటేశారు. పోల్చాలంటే 17సీల మొత్తంతోనే పోల్చాలి.

ఆరోపణను ఏ మెట్టు మీద ఉందో చెప్పి మాట్లాడండి

2021 ఏప్రిల్ 17 తిరుపతి ఉప ఎన్నికలో దొంగ ఓట్లు పడ్డాయని ప్రతిపక్షాలు అన్నాయి, అధికార పార్టీ కాదంది. గురుమూర్తి 2,71,592 మెజారిటీతో గెలిచారు. ఆ ఎన్నికప్పుడు అధికారి లాగిన్‌తో ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న వ్యవహారంలో 2024 జనవరిలో ఎన్నికల సంఘం చెప్పిన మీదట ఒక ఐఏఎస్ అధికారి సస్పెండ్ అయ్యారు. ఇందులో ఆరోపణ ఉంది, శాఖాపరమైన చర్య ఉంది. మొత్తం మెజారిటీ దొంగ ఓట్లదేనని తేల్చిన కోర్టు తీర్పు మాత్రం లేదు. "అంతా అబద్ధం" అన్నా తప్పే, "రుజువైపోయింది" అన్నా తప్పే. ఆరోపణ, కేసు, చార్జిషీటు, తీర్పు, అప్పీలు: ఏ మెట్టు దాకా వచ్చిందో ఆ మెట్టు పేరు పెట్టండి. టీవీలో ఎర్ర అక్షరాలతో వచ్చినంత మాత్రాన మెట్టు మారదు.

వీడియోలు, ఫొటోల సంగతి క్లుప్తంగా: తేదీ, ఊరు కనిపించని వీడియోను పంపొద్దు. ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెడితే పాతదైతే చాలాసార్లు బయటపడుతుంది. ప్రసంగం ముక్క వస్తే ముందూ వెనకా రెండు నిమిషాలు విని తీరాలి.

మాట ఎట్లా అనాలి

కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన ఎదుటివాళ్లు ఒప్పుకోరు. పెద్దనాన్న వయసాయన పది మందిలో చెప్పిన అంకె తప్పైతే ఆ పది మందిలో దిద్దకండి. విడిగా ఫోన్ చేసి, "పెదనాయినా, ఆ లెక్క ఇట్లా ఉండాది, ఒకసారి చూడండి" అనండి. ఆయనే దిద్దుకునే వీలు ఇవ్వండి. మీ వయసువాళ్లయితే నేరుగా చెప్పొచ్చు, కానీ మీ పార్టీకి నచ్చని అంకె ఒకటి మీరే ముందు ఒప్పుకోండి. ఆ తర్వాత మీ మాట వినడం మొదలవుతుంది.

పార్టీ మారాడన్న తిట్టు ఈ జిల్లాలో ఎవరికీ అచ్చిరాదు. చంద్రబాబు 1978లో చంద్రగిరిలో గెలిచింది కాంగ్రెస్ తరపున. ఆరణి శ్రీనివాసులు 2019లో చిత్తూరు వైసీపీ ఎమ్మెల్యే. సత్యవేడు ఎమ్మెల్యే ఆదిమూలం కూడా వైసీపీ నుంచి టీడీపీకి వచ్చినవారే. పార్టీ మారినప్పుడు ఏ విధానం మారిందో అడగండి, అది పనికొచ్చే ప్రశ్న.

కులం పేరుతో మొదలయ్యే వాక్యాన్ని అక్కడే ఆపేయండి. "మీ కులపోళ్లంతా అటే కదా" అన్న మాట తర్వాత అంకెలకు చోటుండదు. మతం, కులం పేరు చెప్పి ఓట్లు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం అభ్యర్థికే అక్రమం. స్వామివారి పేరును కూడా మీ పార్టీ గెలుపు కోసం వాడకండి. టీటీడీ నిర్వహణ మీద ప్రశ్నలు తప్పకుండా అడగాలి, పాలకమండలిని ప్రభుత్వమే వేస్తుంది కాబట్టి. ఆ ప్రశ్న టెండరు గురించి, పరీక్ష నివేదిక గురించి ఉండాలి. ఎదుటివాడి భక్తి గురించి కాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఇబ్బంది కలిగించే పోస్టు పెట్టారని జైల్లో వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ప్రభుత్వాన్ని విమర్శించడం నేరం కాదు. కానీ భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టానికి 356, వర్గాల మధ్య ద్వేషం పెంచడానికి 196, కల్లోలం రేపే పుకార్లకు 353 ఉన్నాయి. మీరు రాయకపోయినా పంపితే మీ మీదికి రావచ్చు.

పోలింగ్‌కు, కౌంటింగ్‌కు మధ్య రోజుల్లో వాదన తగ్గించండి. 2024 మే 14న తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో స్ట్రాంగ్ రూమ్ చూసి వస్తున్న అభ్యర్థి మీద దాడి జరిగి ఊరంతా అట్టుడికింది. అలాంటి రోజున పంపే ఒక్క రెచ్చగొట్టే మాట ఎవరి తల మీద పడుతుందో మనకు తెలియదు. ఆ రోజుల్లో ఏదైనా చూస్తే 1950కి ఫోన్ చేయండి.

ఇంటి ఓట్లు సరిచూసుకోండి

2025 ఆగస్టు 7న రాహుల్ గాంధీ బెంగళూరు మహదేవపుర నియోజకవర్గంలో లక్షకు పైగా తప్పుడు ఓట్లున్నాయని ఆరోపించారు. ఎన్నికల సంఘం ప్రమాణపత్రంతో చెప్పమంది. ఆ వాదన మన ఇళ్లలో బాగా జరిగింది, ఎందుకంటే మహదేవపుర అంటే వైట్‌ఫీల్డ్, మారతహళ్లి. కుప్పం, పలమనేరు, చిత్తూరు పిల్లలు ఎంతోమంది అక్కడే ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లలో కొందరికి అక్కడొక ఓటు, ఊళ్లో ఒక ఓటు ఉన్నాయి. 2024లో బెంగళూరు పోలింగ్ ఏప్రిల్ 26, మనది మే 13. రెండు చోట్లా వేయడానికి వీలున్న తేదీలు.

ఒకరు రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. తెలిసీ తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు ఉంది. ఒకే ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటేస్తే రెండూ చెల్లవు. దొంగ ఓట్ల మీద గంటల తరబడి వాదించే ఇంట్లో ఇది ముందు సరిచేసుకోవాల్సిన పని.

మీ అబ్బాయి కార్డు నంబరు, పేరు, పుట్టిన తేదీ పెట్టి ఎన్నికల సంఘం ఓటరు సేవల సైటులో వెతకండి. రెండు చోట్ల కనిపిస్తే ఎక్కడ నివసిస్తున్నాడో అక్కడ ఉంచి, రెండో దాన్ని తీసేయమని ఫారం 7 ఇవ్వాలి. ఒకే ఓటు ఉండి చిరునామా మార్చాలంటే ఫారం 8. కొత్తగా పద్దెనిమిది నిండిన అమ్మాయికి ఫారం 6. చనిపోయిన తాతయ్య పేరు ఇంకా ఉంటే దానికీ ఫారం 7, మరణ ధ్రువపత్రం జతచేసి. ఇవన్నీ ఫోన్‌లోనే అవుతాయి, కుదరకపోతే మీ బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) దగ్గర కాగితం మీద ఇవ్వండి. రసీదు నంబరు రాసి పెట్టుకుని, జాబితా మళ్లీ ప్రచురించినప్పుడు మీ ఇంటి నంబరు దగ్గర ఎవరెవరి పేర్లున్నాయో చదవండి. మీకు తెలియని పేరు మీ ఇంటి నంబరు మీద ఉంటే బీఎల్‌ఓకు రాతపూర్వకంగా చెప్పి, ఆ నకలు మీ దగ్గర ఉంచుకోండి.